ఎంజైమ్‌తో భూగర్భ లీకు మూసే మోడల్: కాల్సైట్ ఎక్కడ పేరుకుందో ముందు తేల్చండి

తర్వాత చదివేవాళ్లకు కూడా ఉపయోగపడాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. వాడకం ఆపేసిన ఒక బావిలో, సుమారు 300 మీటర్ల లోతున, కేసింగ్‌కీ (బావిలో దించిన స్టీలు గొట్టం) దాని వెనకున్న సిమెంటుకీ మధ్య 0.2 మి.మీ. సందు ఉంది. అందులోంచి గ్యాస్ పైకి కారుతోంది. జాక్‌బీన్ గింజల పొడి నుంచి తీసిన యూరియేజ్ ఎంజైమ్‌కి యూరియా, కాల్షియం క్లోరైడ్ కలిపి, వాటి నుంచి పేరుకునే కాల్సైట్‌తో (కాల్షియం కార్బొనేట్ స్ఫటికం) ఆ సందు మూయాలన్నది మీ ప్రాజెక్టు. ముందుగా 5 సెం.మీ. వ్యాసం, 20 సెం.మీ. పొడవున్న ఇసుక కాలమ్‌లో నిమిషానికి 1 మి.లీ. చొప్పున పంపారు. 1 మోలార్ ద్రావణం 10 పోర్ వాల్యూమ్‌లు (ఇసుక మధ్య ఖాళీ పట్టేదానికి పది రెట్లు) వెళ్లాక పర్మియబిలిటీ, అంటే ద్రవం ఎంత సులువుగా పారుతుందనే కొలత, వెయ్యో వంతుకు పడింది. పొడవు వెంట మాత్రమే లెక్కేసే మీ ఒన్-డీ మోడల్‌లో మాత్రం ఆరో వంతు దగ్గరే ఆగుతోంది. రియాక్షన్ రేటు పెంచితే మొదటి సెల్ (మోడల్ కాలమ్‌ని విడగొట్టిన ముక్కల్లో మొదటిది) మూసుకుపోయి సిమ్యులేషన్ చతికిలబడుతోంది. ఎంజైమ్ రేటు చెప్పే మైకేలిస్–మెంటెన్ సూత్రంలో ఏది మార్చాలి, లేదంటే బ్యాక్టీరియా మోడల్‌కి మారిపోవాలా అని అడిగారు.

మైకేలిస్–మెంటెన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీకు వచ్చిన రెండు ఇబ్బందులూ వేర్వేరు అనుకుంటున్నారు. నాకైతే రెండూ ఒకటేలా కనిపిస్తున్నాయి. సిమ్యులేటర్ ఏ పని చేయబోయి ఆగిపోతోందో, మీ కాలమ్‌లో నిజంగా అదే జరిగి ఉండొచ్చు. అంటే మొదటి సెంటీమీటరో రెండో గట్టిగా మూసుకుపోయి, మిగతా ఇసుక దాదాపు మామూలుగానే ఉండి ఉండొచ్చు. ఈ మాట ఎందుకంటున్నానో చేత్తో వేసిన లెక్కతోనే చూపిస్తాను.

ఒక మోల్ యూరియా, అంటే 60 గ్రాములు, విడిపోతే ఒక మోల్ కార్బొనేట్, రెండు మోల్‌ల అమ్మోనియం వస్తాయి. ఆ కార్బొనేట్ ఒక మోల్ కాల్షియంతో కలిస్తే 100 గ్రాముల కాల్సైట్. కాల్సైట్ సాంద్రత 2.71, కాబట్టి దాని ఘనపరిమాణం సుమారు 37 మి.లీ. అంటే 1 మోలార్ ద్రావణం ఒక లీటరు పూర్తిగా, ఒక్క చుక్క వృథా కాకుండా రియాక్ట్ అయినా ఆ లీటరు పట్టే ఖాళీలో 3.7 శాతమే నిండుతుంది. మీరు పంపింది 10 పోర్ వాల్యూమ్‌లు. ఎంత ఉదారంగా లెక్కేసినా 37 శాతం ఖాళీ నిండింది, అంతకు మించి నిండే దారి లేదు. ఇసుక పొరాసిటీ, అంటే మొత్తంలో ఖాళీ వాటా, మొదట 0.35 అయితే చివరికి 0.22. పొరాసిటీ నుంచి పర్మియబిలిటీ లెక్కేసే కోజెనీ–కార్మన్ సూత్రంలో ఇది పెట్టండి: పొరాసిటీ నిష్పత్తి ఘనం 0.25, ఘన భాగం నిష్పత్తి వర్గం 0.69, రెండూ గుణిస్తే 0.17. ఆరో వంతు! మీ మోడల్ చెప్పిందీ ఇదే. దానికి తెలిసిన సూత్రం ప్రకారం అది నిజమే చెప్పింది. అదే సూత్రంతో వెయ్యో వంతు రావాలంటే పొరాసిటీ 0.045 దాకా దిగాలి. దానికి కనీసం 23, 24 పోర్ వాల్యూమ్‌లు పూర్తిగా రియాక్ట్ కావాలి. మీరు అంత యూరియా పోయనే లేదు. ఎంజైమ్ రేటును వంద రెట్లు చేసినా లేని కాల్షియం ఎక్కడి నుంచి వస్తుంది?

అయితే ల్యాబ్‌లో వెయ్యో వంతు ఎలా వచ్చింది? రెండు దారులున్నాయి. రెండూ కలిసి కూడా పనిచేసి ఉండొచ్చు.

మొదటిది కాల్సైట్ అంతా ఒకేచోట చేరడం. కాలమ్ పొడవునా కొలిచిన పర్మియబిలిటీ అన్ని పొరల మామూలు సగటు కాదు, హరాత్మక సగటు, అంటే బాగా బిగుసుకున్న పొరే మొత్తాన్ని శాసించే సగటు. 20 సెం.మీ.లో ఒక్క సెంటీమీటరు పొర మాత్రమే 20,000 రెట్లు బిగుసుకుని, మిగతా 19 సెం.మీ. చెక్కుచెదరకుండా ఉందనుకోండి. మొత్తం పర్మియబిలిటీ వెయ్యో వంతుకు దిగుతుంది. డ్రిప్ వేసిన రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. ఫిల్టర్ దగ్గర పాచి అడ్డుపడితే పొలమంతా నీళ్లు ఆగిపోతాయి, కానీ లేటరల్ పైపులన్నీ శుభ్రంగానే ఉంటాయి. మీకు కావల్సింది మాత్రం కేసింగ్ వెనక పది మీటర్ల పొడవునా గట్టి పూత. సందు నోటి దగ్గర సన్నటి బిరడా ఒకటి పడితే ఈరోజు ప్రెజర్ టెస్ట్ పాసవుతుంది, రేపు కేసింగ్ కొంచెం కదిలితే ఊడిపోతుంది.

రెండోది కాల్సైట్ స్ఫటికాలు ఇసుక రేణువుల మధ్య ఇరుకు దారుల్లో పడటం. పెద్ద ఖాళీలో పడ్డ స్ఫటికం వల్ల ప్రవాహానికి పెద్దగా తేడా రాదు. అదే స్ఫటికం రెండు రేణువుల మధ్య మెడలాంటి దారిలో పడితే వెనకున్న ఖాళీ మొత్తం పనికిరాకుండా పోతుంది. కోజెనీ–కార్మన్‌కి ఈ సంగతి తెలియదు, అది ఖాళీ ఎంత తగ్గిందనేదే చూస్తుంది. అందుకే ఈ రంగంలో చాలామంది వర్మ–ప్రూస్ రూపం వాడతారు. అందులో పర్మియబిలిటీ సున్నాకి చేరే హద్దు పొరాసిటీ ఒకటి ఉంటుంది. పొరాసిటీ ఇంకా మిగిలే ఉన్నా, ఆ హద్దు తాకితే ప్రవాహం ఆగినట్టే. రెండు సూత్రాల తేడా ఎంతో ఒక్క లెక్కలో చూడండి. పొరాసిటీ 0.35 నుంచి 0.25కి దిగిందనుకుందాం. కోజెనీ–కార్మన్ ప్రకారం పర్మియబిలిటీ 27 శాతం మిగులుతుంది. వర్మ–ప్రూస్‌లో హద్దు 0.20, ఘాతం 3 పెడితే 3.7 శాతమే మిగులుతుంది. కాల్సైట్ అంతే, రసాయనం అంతే, జవాబులో మాత్రం ఏడు రెట్ల తేడా. మీరు గంటల తరబడి సరిచేసుకునే ఎంజైమ్ స్థిరాంకాలు ఇంత తేడా తేలేవు.

ఇక్కడ ఒక హెచ్చరిక. హద్దునూ ఘాతాన్నీ మార్చుకుంటూ పోతే ఏ కాలమ్‌కైనా వక్రం అతికించొచ్చు. అతికింది కదా అని నిజమైపోదు. కాల్సైట్ ఎక్కడ పేరుకుందో కొలవకుండా ఈ రెండు సంఖ్యలనూ ఫిట్ చేస్తే, మొదటి దారి వల్ల వచ్చిన ఫలితాన్ని రెండో దారి ఖాతాలో రాసేసినట్టే. అదే ఫీల్డ్ మోడల్‌లోకి వెళ్తే మీ అంచనా ఆశాజనకంగా, తప్పుగా వస్తుంది.

ఇప్పుడు సందు సంగతి. ఇసుక కాలమ్ మోడల్‌ని ఇలాగే తీసుకెళ్లి బావికి పెట్టకండి, ఎందుకంటే రెండింటిలో కాలాల లెక్క తలకిందులవుతుంది. మీ కాలమ్‌లో ఖాళీ సుమారు 137 మి.లీ. నిమిషానికి 1 మి.లీ. చొప్పున అయితే ద్రావణం లోపల రెండుంపావు గంటలకు పైగా ఉంటుంది. మీ ద్రావణంలో సగం యూరియా విడిపోవడానికి రెండు గంటలు పడుతుందనుకుందాం. లోపల ఉండే సమయాన్ని రియాక్షన్ సమయంతో భాగిస్తే వచ్చేది డామ్‌కోలర్ సంఖ్య. మీ కాలమ్‌లో అది 1కి కొంచెం పైన. అందుకే సరుకులో సగానికి పైగా కాలమ్ లోపలే పేరుకుంటుంది.

ఇక బావి. 178 మి.మీ. వ్యాసం కేసింగ్ తీసుకుందాం. దాని చుట్టుకొలత 0.56 మీటర్లు, సందు 0.2 మి.మీ. అంటే మీటరు పొడవుకు సందు పట్టేది 112 మి.లీ. మాత్రమే. పది మీటర్లకు 1.1 లీటర్లు, ఒక పెద్ద వాటర్ బాటిల్ అంత! దానిలోకి నిమిషానికి 0.3 లీటర్లు పంపితే ద్రావణం నాలుగు నిమిషాల్లోపే దాటి వెళ్లిపోతుంది. డామ్‌కోలర్ సంఖ్య 0.03. రియాక్షన్ మొదలయ్యేలోపే సరుకు అవతలికి పోతోంది. మరి అదే ద్రావణం పైనుంచి 300 మీటర్లు దిగడానికి 25 మి.మీ. లోపలి వ్యాసమున్న ట్యూబింగ్ వాడితే, ఆ ట్యూబింగ్ పట్టేది సుమారు 147 లీటర్లు. అదే రేటుకు దిగడానికి ఎనిమిది గంటలు. అన్నీ పైనే కలిపి పంపితే మీరు మూసేది లీకుని కాదు, ట్యూబింగ్‌ని. చాలా మోడల్ పేపర్లలో ఇన్‌లెట్ సందు నోటి దగ్గరే మొదలవుతుంది, ట్యూబింగ్ మోడల్‌లో ఉండనే ఉండదు. మీ మోడల్‌లో దాన్ని తప్పకుండా పెట్టండి. సులువుగా ఒక ఆలస్యం టర్మ్‌లా పెట్టినా చాలు.

అమెరికాలోని అలబామాలో గోర్గస్ పవర్ ప్లాంట్ దగ్గరి బావిలో మోంటానా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు, భాగస్వాములతో కలిసి చేసిన ప్రయోగం ఇందుకే చదవాలి. సుమారు 340 మీటర్ల లోతున ఇసుకరాతిలో పగులును మూసే ప్రయత్నం అది, 2016లో ప్రచురించారు. వాడింది విడిగా తీసిన ఎంజైమ్ కాదు, యూరియేజ్ తయారుచేసే స్పోరోసార్సినా పాస్టరీ బ్యాక్టీరియా. అయినా యూరియా, కాల్షియం కథ మీదే. యూరియా–కాల్షియం ద్రావణం 24 సార్లు, బ్యాక్టీరియా 6 సార్లు విడతలుగా దించారు. దించడానికి చమురు బావుల్లో మామూలుగా వాడే బెయిలర్, అంటే తీగకు కట్టి దింపే పొడవాటి గొట్టపు పాత్ర వాడారు. దాంతో ట్యూబింగ్ బెడద తప్పింది. ఫలితంగా పగులులోకి నీరు ఎక్కే రేటు నిమిషానికి 1.9 లీటర్ల నుంచి 0.47 లీటర్లకు తగ్గింది. నాలుగో వంతు. తర్వాత అదే బావిలో సుమారు 310 మీటర్ల లోతున సిమెంటులోని దారిని మూసినప్పుడు గంటకు 0.29 ఘనపు మీటర్ల నుంచి 0.011కి తగ్గింది. ఇరవై ఆరో వంతు. ల్యాబ్‌లో వెయ్యి వచ్చింది కదా అని ఫీల్డ్‌కీ వెయ్యి రాసిపెట్టేవాళ్లు ఈ రెండు సంఖ్యలూ గోడకి అంటించుకోవాలి.

సందులో ప్రవాహం వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. సందు సగమైతే ప్రవాహం ఎనిమిదో వంతు. వెయ్యో వంతు కావాలంటే 0.2 మి.మీ. సందు 0.02కి చేరాలి, అంటే 90 శాతం నిండాలి. ఒక్కో నింపు అప్పటికి మిగిలిన సందులో గరిష్ఠంగా 3.7 శాతమే పూడుస్తుంది, సందు సన్నబడేకొద్దీ నింపూ చిన్నదవుతుంది కాబట్టి కనీసం 61, 62 నింపులు. ప్రతి నింపు తర్వాతా పంపు ఆపి, యూరియా పూర్తిగా విడిపోయేదాకా ఆగితేనే ఈ లెక్క. ఆగకుండా నెడితే వేల నింపులు కావాలి. కాబట్టి మీ ఫీల్డ్ మోడల్‌లో ఇన్‌లెట్ స్థిరమైన ప్రవాహం కాదు, పంపు–ఆపు–పంపు అనే షెడ్యూల్. ఎంతసేపు ఆపాలి అనేదే మోడల్ చెప్పాల్సిన అసలు జవాబు.

ఇదంతా సందు అంతటా సమంగా పూత పడితే. నిజంగా అలా పడదు. ఎక్కడ ప్రవాహం ఎక్కువో అక్కడ ద్రావణం తక్కువసేపు ఉంటుంది, తక్కువ పేరుకుంటుంది. పక్కన నెమ్మదిగా ఉన్న చోట్లు ముందే మూసుకుపోతాయి. అప్పుడు మొత్తం ప్రవాహం మిగిలిన ఒకటి రెండు దారుల్లోంచి ఇంకా జోరుగా పోతుంది, అవి ఇంకా మూసుకోవు. అందుకే చివరి పది శాతం లీకు వదలదు. పంపు ఆపి ఉంచే విరామాలు ఈ తేడాను కొంత తగ్గిస్తాయి, పూర్తిగా పోగొట్టవు. ఒన్-డీ మోడల్‌కి ఇది కనబడే అవకాశమే లేదు. కనీసం సందుని విప్పి పరిచినట్టు టూ-డీ షీట్‌గా తీసుకుని, సెల్ సెల్‌కీ సందు వెడల్పు కాస్త మారేలా పెట్టండి. సగటు 0.2, విస్తరణ మీరు ఎంచుకున్నది, పది పదిహేను వేర్వేరు యాదృచ్ఛిక పటాలు. వాటన్నిటి ఫలితాల పరిధినే జవాబుగా ఇవ్వండి, ఒకే గీతని కాదు.

ఇప్పుడు మీరు అడిగిన ఎంజైమ్ దగ్గరికి వస్తాను. యూరియేజ్‌కి పెద్ద చరిత్రే ఉంది. జేమ్స్ సమ్నర్ 1926లో జాక్‌బీన్ నుంచే దీన్ని స్ఫటికంగా తీసి, ఎంజైమ్‌లు ప్రోటీన్లేనని చూపించాడు. 1946లో నోబెల్ వచ్చింది. అంత పాతది కాబట్టి పుస్తకాల్లో సంఖ్యలకు కొదవలేదు. శుద్ధి చేసిన జాక్‌బీన్ యూరియేజ్‌కి మైకేలిస్ స్థిరాంకం సుమారు 3 మిల్లీమోలార్ అని కనిపిస్తుంది. మీరు పోస్తున్నది 1,000 మిల్లీమోలార్. అంటే యూరియా దాదాపు అయిపోవచ్చేదాకా రేటు యూరియా మీద ఆధారపడదు, ఉన్న ఎంజైమ్ మీదే ఆధారపడుతుంది. ఆ స్థిరాంకాన్ని 3 నుంచి 6 చేసినా, 1.5 చేసినా మీ గ్రాఫు కదలదు. కానీ మీ దగ్గరున్నది శుద్ధమైన ఎంజైమ్ కాదు, పొడి నానబెట్టి వడకట్టిన నీళ్లు. దానికి ఆ పుస్తకం సంఖ్య అలాగే వేయకూడదు. మీ సరుకుతో మీరే కొలుచుకోవాలి.

కొలవడం కష్టమేమీ కాదు. కాల్షియం లేకుండా ఎంజైమ్, యూరియా మాత్రమే కలిపి కండక్టివిటీ మీటర్ పెట్టండి. యూరియాకి ఛార్జ్ లేదు, విడిపోతే అయాన్లు పుడతాయి, రీడింగ్ పెరుగుతుంది. అమ్మోనియం కార్బొనేట్‌తో ముందే క్యాలిబ్రేషన్ గీత గీసుకుంటే గంటకి ఎన్ని మోల్‌లు విడిపోయాయో నేరుగా తెలుస్తుంది. తర్వాత కాల్షియం కూడా కలిపి, ఈసారి మిగిలిన కాల్షియాన్ని ఈడీటీఏ టైట్రేషన్‌తో కొలవండి. రెండు రేట్లకీ తేడా వస్తే కంగారు పడకండి. కాల్సైట్ పడేటప్పుడు ఎంజైమ్‌ని కూడా తనలోకి లాక్కుంటుంది, ఉప్పు సాంద్రత కూడా ఎంజైమ్‌ని ఇబ్బంది పెడుతుంది. మోడల్‌కి రెండో సంఖ్యే కావాలి. ఇంకో మాట, యూరియా ఎరువుల షాపులో కొనకండి. 2015 నుంచి మన దేశంలో అమ్మే ఎరువు యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, ఆ నూనె మీ బ్యాచ్ టెస్టులోకి అనవసరంగా వచ్చి కూర్చుంటుంది. ల్యాబ్ గ్రేడ్ తీసుకోండి.

మీ మోడల్‌లో నాకు కనిపించని ముఖ్యమైన టర్మ్ ఎంజైమ్ చచ్చిపోవడం. వేడి పెరిగితే రియాక్షన్ జోరందుకుంటుంది, ఎంజైమ్ పాడవడం కూడా జోరందుకుంటుంది. భూమిలోకి కిలోమీటరు దిగితే సుమారు 25–30 డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి లోతు బావుల్లో దీన్ని వదిలేయడానికి లేదు. ఎంజైమ్ మొదటి క్రమంలో క్షీణిస్తుందని పెట్టుకుంటే ఒక చక్కటి అడ్డదారి లెక్క ఉంది. మొదటి రేటుని క్షీణత స్థిరాంకంతో భాగించండి. ఎంతసేపు ఆగినా విడిపోగల యూరియా గరిష్ఠంగా అంతే. ఉదాహరణకి మొదటి రేటు గంటకు లీటరుకు 0.25 మోల్, ఎంజైమ్ అర్ధాయువు 2 గంటలు అనుకోండి. క్షీణత స్థిరాంకం 0.35, జవాబు 0.72 మోల్. మీరు పోసిన 1 మోల్‌లో 0.28 మోల్ యూరియా ఎన్నాళ్లు ఉంచినా అలాగే ఉంటుంది. అర్ధాయువు గంటే అయితే మూడో వంతుకి కాస్త పైన మాత్రమే పనికొస్తుంది. అప్పుడు 61, 62 నింపులు కాస్తా 170 దాటతాయి. ప్రాజెక్టు ఖర్చు లెక్క మారేది ఇక్కడ.

ఎంజైమ్‌ని ఒకే చలరాశిగా పెట్టారు, దాన్ని రెండు చేయండి: నీటితో కదిలేది ఒకటి, గోడకి అంటుకున్నది ఒకటి. బ్యాక్టీరియా అయితే గోడకి పట్టుకుని బయోఫిల్మ్ (జిగట పొర) కడుతుంది, తర్వాత ద్రావణం పోస్తే అక్కడే పనిచేస్తుంది. కరిగిన ఎంజైమ్‌కి ఆ పట్టు తక్కువ, చాలాభాగం నీళ్లతో కొట్టుకుపోతుంది. అందువల్ల ముందు ఎంజైమ్, తర్వాత కాల్షియం అనే వరుస ఇసుకలో కొంత పనిచేసినా నున్నటి స్టీలు సందులో అంత బాగా పనిచేస్తుందని నేననుకోను. అన్నీ కలిపి ఒకేసారి పంపి, రియాక్షన్ ఆలస్యంగా మొదలయ్యేలా చూడటం మీ కేసుకి మేలు. మొదట పీహెచ్ తక్కువగా ఉంచడం ఒక పద్ధతి. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఇసుక గట్టిపరచడానికి చేసిన ప్రయోగాల్లో ద్రావణంలో వెన్న తీసిన పాలపొడి కలిపారు. 2019లో ప్రచురించిన ఆ పనిలో తక్కువ కాల్సైట్‌తోనే ఎక్కువ బలం వచ్చింది. అది బలం కోసం చేసింది, మూయడానికి కాదు. బలానికి రేణువులు కలిసే చోట కాస్త అతుకు చాలు, మూయడానికి దారి నిండాలి. అయినా ఎంజైమ్‌ని కాపాడే ఆలోచన మీకు పనికొస్తుంది.

బ్యాక్టీరియా మోడల్‌కి మారాలా అంటే, అక్కర్లేదు. ఎంజైమ్ అణువు సైజు 12 నానోమీటర్ల స్థాయి, బ్యాక్టీరియా ఒకటి రెండు మైక్రాన్లు. సన్న పగుళ్లలోకి ఎంజైమ్ సులువుగా దూరుతుంది. పైగా బ్యాక్టీరియా మోడల్‌లో పెరుగుదల, చావు, అంటుకోవడం, ఊడిపోవడం, ఆక్సిజన్, అన్నీ తెలియని సంఖ్యలే. మీ ఇబ్బంది కాల్సైట్ ఎక్కడ పడుతుందన్నది. మారినా అది మీతోపాటే వస్తుంది.

కాల్సైట్ పడే రేటుకి మీరు సంతృప్త సూచిక (ద్రావణం కాల్సైట్ పడే హద్దును ఎంత దాటిందనే కొలత) ఆధారంగా పూర్తి సమీకరణం రాశారు. తప్పు లేదు. 25 డిగ్రీల దగ్గర కాల్సైట్ ద్రావణీయత లబ్ధం లాగ్ విలువ మైనస్ 8.48, అంటే చాలా తక్కువ. కార్బొనేట్ పుట్టిన కొద్దీ కాల్షియం దాన్ని పట్టేస్తుంది. మొదటి కొద్ది నిమిషాలు స్ఫటిక బీజాలు పుట్టడానికి ఆలస్యమవుతుంది, ముందు అస్ఫటిక రూపమో, వేటరైటో (కాల్షియం కార్బొనేట్‌కే ఇంకో స్ఫటిక రూపం) పడి తర్వాత కాల్సైట్‌గా మారుతుంది. ఆ తర్వాత యూరియా విడిపోయే రేటే కాల్సైట్ పడే రేటు. గంటల లెక్కలో ఉన్న మీ సమస్యకి ఆ రెండూ సమానమని పెట్టేస్తే ఆరేడు సమీకరణాలు తగ్గుతాయి, రన్ టైమ్ బాగా దిగుతుంది. ఈ సరళీకరణ సరిపోతుందా లేదా అన్నది ఉచితంగా దొరికే నీటి రసాయన లెక్కల ప్రోగ్రామ్ ఫ్రీక్‌సీలో (PHREEQC) ఒక్క బీకరు లెక్క వేసి చూసుకోండి. అది సరిపోయాక రసాయనాన్నీ ప్రవాహాన్నీ కలిపి లెక్కేసే ట్రాన్స్‌పోర్ట్ కోడ్‌లోకి వెళ్లండి. జర్మనీలోని స్టుట్‌గార్ట్ యూనివర్సిటీ వాళ్ల డూముక్స్ (DuMux) అనే అలాంటి కోడ్‌లో యూరియా–కాల్సైట్ మోడల్స్ ఉన్నాయి, ఓపెన్ సోర్స్. సొంతంగా కోడ్ రాసే ముందు అది ఒకసారి నడిపి చూడటం మంచిది.

సిమ్యులేషన్ ఆగిపోవడం గురించి. మొదటి సెల్‌లో పొరాసిటీ సున్నా వైపు పోతుంటే, మీరు స్థిరమైన ప్రవాహం బలవంతంగా నెడుతున్నారు. ప్రెజర్ ఆకాశానికంటుతుంది, టైమ్ స్టెప్ మైక్రోసెకన్లకి పడిపోతుంది. ఫీల్డ్‌లో ఏ ఇంజనీరూ అలా నెట్టడు. రాయి పగిలే ప్రెజర్‌కి కొంచెం కిందే పంపు ఆపేస్తాడు. మోడల్‌లోనూ అదే చేయండి: ప్రెజర్ ఒక హద్దు చేరగానే స్థిర ప్రవాహం నుంచి స్థిర ప్రెజర్‌కి మారాలి. పొరాసిటీకి చిన్న కనిష్ఠ విలువ పెట్టండి. కాల్సైట్ నెమ్మదిగా మారుతుంది కాబట్టి పొరాసిటీని ప్రతి టైమ్ స్టెప్ చివర ఒక్కసారి అప్‌డేట్ చేస్తే చాలు. అన్నిటికంటే ముఖ్యం, గ్రిడ్‌ని సగం చేసి మళ్లీ నడపండి. నోటి దగ్గర పేరుకునే సమస్యల్లో సెల్ చిన్నదైతే త్వరగా మూసుకుపోతుంది. మీ మూసుకుపోయే సమయం గ్రిడ్‌తో మారుతుంటే ఆ సంఖ్యని థీసిస్‌లో రాయకండి.

గైడ్ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, అమ్మోనియా. కిలో కాల్సైట్‌కి 10 మోల్‌లు, దాంతోపాటు 20 మోల్‌ల అమ్మోనియం, అంటే 360 గ్రాములు పుడతాయి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో అమ్మోనియా నైట్రోజన్ హద్దు లీటరుకు 0.5 మి.గ్రా. బావి పక్కన తాగునీటి పొర ఉంటే ఈ నీళ్లు ఎటు పోతాయో మోడల్‌లో ఒక ట్రేసర్‌గా పెట్టండి. దీనికో లాభం కూడా ఉంది. వెనక్కి వచ్చిన నీళ్లలో అమ్మోనియం కొలిస్తే లోపల ఎంత కాల్సైట్ పడిందో ఒక అంచనా దొరుకుతుంది. ఫీల్డ్‌లో మీకు దొరికే కొద్దిపాటి నిజమైన కొలతల్లో అదొకటి.

కింద ఇంకొకరు పాశర్లపూడి లాంటి బ్లోఅవుట్‌కి (బావి అదుపు తప్పి గ్యాస్ ఎగదన్నడం) ఇది వాడొచ్చా అని అడిగారు. 1995 జనవరిలో మొదలై 65 రోజులు మండిన మంట అది. ఆ ప్రవాహం ముందు గంటల తరబడి ఆగి పేరుకునే కాల్సైట్ నిలవదు. ఇది సిమెంటు స్లర్రీ కూడా దూరలేని సన్నటి, నెమ్మదైన లీకులకి పనికొచ్చే పద్ధతి. కార్బన్ డయాక్సైడ్ నిల్వ చేసే బావులకి వాడేటట్టయితే ఇంకో లెక్క జోడించాలి. గ్యాస్ కరిగిన ఆమ్లపు నీళ్లు తాజాగా పారుతూ ఉంటే కాల్సైట్ మళ్లీ కరుగుతుంది.

ఇక మీరు చేయాల్సింది. కాలమ్ ఇంకా పారేయకపోతే దాన్ని రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్కనీ కడిగి, ఆరబెట్టి, తూకం వేసి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పొంగు ఆగేదాకా ఉంచి, మళ్లీ కడిగి ఆరబెట్టి తూయండి. తగ్గిన బరువే కాల్సైట్. పది ముక్కల పట్టిక, మీ బ్యాచ్ టెస్ట్ కండక్టివిటీ రీడింగులు, బయటికి వచ్చిన నీళ్లలో అమ్మోనియం ఉంటే అదీ ఇక్కడ పెట్టండి. మొదటి ముక్కలోనే ఎక్కువ ఉంటే పంపే రేటు, విరామాలు మార్చాలి. అన్ని ముక్కల్లో దాదాపు సమంగా ఉంటే అప్పుడు హద్దు పొరాసిటీని ఫిట్ చేద్దాం.